పిల్లాడి పక్కన కూర్చున్న ఇద్దరు టీచర్లు

బడులు తెరిచే ముందో, తెరిచిన కొత్తలోనో టీచర్లకు శిక్షణ పెడతారు. మండల కేంద్రంలోని హైస్కూలు హాల్లో వంద మంది టీచర్లు, ఒక ప్రొజెక్టర్, ముగ్గురు రిసోర్స్ పర్సన్లు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం సంతకాలు. చెప్పేవాళ్లు బాగానే చెబుతారు. వినేవాళ్లూ శ్రద్ధగానే వింటారు, రాసుకుంటారు. సోమవారం బడికి వెళ్లేసరికి ఒకటి, రెండు, మూడు తరగతుల పిల్లలు ఒకే గదిలో ఎదురుగా కూర్చుని ఉంటారు. కొందరికి అక్షరాలే రావు. కొందరికి గుణింతాల దాకా వచ్చు, వత్తు కనిపిస్తే ఆగిపోతారు. ఇద్దరో ముగ్గురో గడగడా చదివేస్తారు. మాడ్యూల్లో రాసిన ‘చిన్న జట్లుగా చదివించడం’ ఈ గదిలో ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి? టీచరు ఒకరోజు ప్రయత్నిస్తారు. ఒక జట్టును చూస్తుంటే మిగిలిన రెండు జట్లూ గోల చేస్తాయి. మర్నాటి నుంచి మళ్లీ పాత దారే. టీచరు ఒక వాక్యం చదువుతారు, పిల్లలంతా కలిసి దాన్నే అంటారు.

ఆ సోమవారం నాడు టీచరు పక్కన ఉండవలసిన మనిషి గురించి ఈ అధ్యాయం. పిల్లలకు చదవడం, రాయడం నేర్పే టీచరుకు తరగతి గదిలోనే తోడుండి, ఆ పనిలో చెయ్యి తిరిగేదాకా మళ్లీ మళ్లీ వచ్చే మనిషిని లిటరసీ కోచ్ అంటున్నారు. ఆ పేరుతో ఉద్యోగం ఉన్నా లేకపోయినా, ఆ పని చేయగలిగినవాళ్లు మన బడుల చుట్టూ ఉన్నారు. సీఆర్పీలు (క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు), కాంప్లెక్స్ హెచ్‌ఎంలు, డైట్ లెక్చరర్లు, పక్క ఊరి బడిలో పిల్లల్ని చక్కగా చదివిస్తున్న ఎస్జీటీలు. మీరు వాళ్లలో ఒకరైతే ఇది మీ కోసం. బడి నడిపే హెచ్‌ఎం అయితే మరీ మీ కోసం. నేను చెప్పదలుచుకున్నది ఒకటే: కోచ్ కళ్లు టీచరు మీద కాక పిల్లాడి చదువు మీద ఉండాలి, ఆ చదువును టీచరూ తనూ కలిసి చూడాలి. ఈ పనిలోని తక్కిన మెలకువలన్నీ అందులోంచే పుడతాయి.

శిక్షణ తర్వాత ఏం జరుగుతుంది

దక్షిణాఫ్రికాలోని నార్త్‌వెస్ట్ ప్రావిన్స్‌లో 2015లో ఒక ప్రయోగం మొదలైంది. దాన్ని మన విద్యాధికారులంతా తెలుసుకోవాలని నా కోరిక. అక్కడి పిల్లల ఇంటి భాష సెట్స్వానా. ఒకటి, రెండు తరగతుల్లో ఆ భాషలో చదవడం నేర్పే టీచర్లను రెండు వరసలుగా తీసుకున్నారు. ఒక వరసకు రోజువారీ పాఠ ప్రణాళికలు, స్థాయిల వారీ చిన్న కథల పుస్తకాలు ఇచ్చి, ఏడాదికి రెండుసార్లు ఒకచోటికి పిలిచి రెండేసి రోజులు శిక్షణ ఇచ్చారు. రెండో వరసకు కూడా అవే ప్రణాళికలు, అవే పుస్తకాలు. తేడా ఏమిటంటే, వీళ్ల దగ్గరికి నెలకోసారి కోచ్ స్వయంగా తరగతి గదికే వచ్చేవారు. రెండేళ్ల తర్వాత పిల్లల్ని చదివించి చూస్తే, కోచ్ వచ్చిన బడుల్లో పిల్లలు సాధించిన మెరుగుదల శిక్షణ బడుల్లో కనిపించినదానికి దాదాపు రెట్టింపు ఉంది.

పుస్తకాలు అవే అయినప్పుడు ఈ తేడా ఎక్కణ్నుంచి వచ్చింది? తరగతి మొత్తం చేత ఒకేసారి చదివించడంలాంటి సులువైన పనులు రెండు వరసల్లోనూ జరిగాయి. పిల్లల్ని జట్లుగా విడదీసి, ఒక జట్టును దగ్గర కూర్చోబెట్టుకుని, ఒక్కొక్కరి చదువునూ వినడం మాత్రం కోచ్ వచ్చిన గదుల్లోనే ఎక్కువగా కనిపించింది. అంటే కష్టమైన పనిలోనే తోడు అక్కరకొచ్చింది. సులువైనది హాల్లో విని కూడా చేసేయవచ్చు. గోల మధ్య నలుగురి చదువు వినడమెలాగో హాల్లో కూర్చున్నవాళ్లకు పట్టుబడదు. ఆ గదిలోనే, ఆ గోల మధ్యే ఒకసారి చేసి చూపించాలి, ఇంకోసారి చేయించాలి, మూడోసారి పక్కన నిలబడాలి. అమెరికాలో బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980లలోనే ఈ మాట గట్టిగా చెప్పారు. సిద్ధాంతం చెప్పడం, చేసి చూపడం, సాధన చేయించడం అన్నీ అయ్యాక కూడా, తరగతిలో తోడు లేకపోతే కొత్త పద్ధతి టీచరు చేతికి రాదని వాళ్ల వాదన.

మన దగ్గర కూడా ఈ ఆలోచనకు పాత వేళ్లున్నాయి. 1980లలో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకాన్ని, టీచర్ల నోట ‘ఆపెప్’ని, రిటైరైన మాస్టార్లు ఇప్పటికీ ఇష్టంగా తలుచుకుంటారు. చుట్టుపక్కల బడుల వాళ్లు కలుసుకుని ఒకరి పాఠం ఒకరు చూసుకునేందుకు ఉపాధ్యాయ కేంద్రాలు అప్పుడు వచ్చాయి. చేసి నేర్చుకోవడం, జట్లలో పని, పిల్లలు చేసినవాటిని గోడలకు పెట్టడం మన బడుల్లో మామూలు మాటలైంది ఆ పథకంతోనే. ఆ తర్వాత డీపెప్, సర్వశిక్షా అభియాన్ పథకాలు వచ్చి మండల రిసోర్స్ పర్సన్లను, క్లస్టర్ రిసోర్స్ పర్సన్లను ఇచ్చాయి. బడికి వెళ్లి టీచరుకు చేదోడుగా ఉండడమే వాళ్ల ఉద్యోగానికి అసలు ఉద్దేశం. రాను రాను వాళ్ల సంచిలోకి యూడైస్ లెక్కలు, పుస్తకాల పంపిణీ, అర్జెంటు సమాచారాలు, ఫొటోలు చేరాయి. ఈ రోజు ఒక సీఆర్పీ బడి గుమ్మంలోకి రాగానే హెచ్‌ఎం అడిగే మొదటి మాట, ‘ఏ వివరాలు కావాలండీ?’ అని. వాళ్ల తప్పేమీ లేదు. వాళ్లకు పురమాయించిన పని అది. కానీ వాళ్ల రోజుల్లో సగమైనా తరగతి గదికి దక్కకపోతే, పిల్లల చదువు కోసం పెట్టుకున్న మనుషుల్ని మనం లెక్కల కోసం ఖర్చు చేస్తున్నట్టే.

అవసరం ఎంతుందో చూడండి. 2021 జులై 5న మొదలైన కేంద్ర పథకం నిపుణ్ భారత్, 2026–27 నాటికి ప్రతి పిల్లాడూ మూడో తరగతి ముగిసేసరికి అర్థం చేసుకుంటూ చదవాలని, నిమిషానికి కనీసం 60 మాటలు చదవగలగాలని లక్ష్యం పెట్టుకుంది. తెలంగాణలో 2022లో వచ్చిన తొలిమెట్టు కార్యక్రమం ఉద్దేశమూ అదే. మరోపక్క అసర్ సర్వే ప్రకారం, దేశం మొత్తం మీద పల్లెల్లోని ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవాళ్లు 2022లో 16.3 శాతం, 2024లో 23.4 శాతం. పెరుగుదల నిజమైనదే, సంతోషించవలసినదే. అయినా నలుగురిలో ముగ్గురు ఇంకా బయటే ఉన్నారు. ఆ ముగ్గురి టీచర్ల దగ్గరికి ఎవరు వెళ్తున్నారన్నదే నాకు ముఖ్యం.

ముందు మీరు చదివించండి

కోచ్ కావాలనుకునేవారికి మొదటి షరతు ఇది. మీరు పోయి టీచరుకు చెప్పబోయే పద్ధతితో, చదవడం రాని పిల్లల్ని మీరు చదివించి ఉండాలి. ఎప్పుడో ఇరవై ఏళ్ల కిందట కాదు, ఈ ఏడాది. ప్రథమ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వాలతో కలిసి పనిచేసిన చోట్ల ఈ నియమం పెట్టుకుంది. టీచర్లకు శిక్షణ ఇవ్వబోయే క్లస్టర్, బ్లాకు స్థాయి వాళ్లు ముందుగా తామే ఒక బడిలో 15–20 రోజుల పాటు రోజూ పిల్లల్ని వాళ్ల స్థాయిని బట్టి కూర్చోబెట్టి చదివించాలి. ఆ తర్వాతే టీచర్ల ముందుకు రావాలి. అలా వచ్చిన మనిషి మాటకు విలువ వేరు. ‘మూడో రోజు దాకా ఆ పిల్లలు నన్ను లెక్కచేయలేదు మేడమ్, నాలుగో రోజు కథ సగంలో ఆపాను, అప్పుడు దగ్గరికొచ్చారు’ అని చెప్పగలిగితే, ఎదుటి టీచరు చేతిలో పెన్ను పక్కన పెట్టి వింటారు.

సీఆర్పీల విషయంలో ఇది ఇంకా అవసరం. చాలామంది సీఆర్పీలు కాంట్రాక్టు మీద పనిచేస్తున్న చిన్నవాళ్లు. వాళ్లు వెళ్లేది పాతికేళ్ల సర్వీసున్న మాస్టారి తరగతికి. ఆ మాస్టారు, ‘బాబూ, నువ్వు పుట్టక ముందు నుంచీ పాఠాలు చెబుతున్నాను’ అంటే, అందులో గర్వంతో పాటు నిజమూ ఉంది. అలాంటి చోట సలహాలతో వెళ్లకండి. ‘సార్, మీ రెండో తరగతిలో వెనకబడిన నలుగురిని నాకివ్వండి. నేను అరగంట కూర్చుంటాను, మీరు పక్కన ఉండి చూడండి. తప్పులుంటే చెప్పండి’ అని అడగండి. మొదటి రాకలో మీరే పరీక్షకు నిలబడండి. రెండో రాకలో ఆయనే ఒక పిల్లాణ్ని మీ దగ్గరికి తీసుకొచ్చి, ‘వీడెందుకు ఆగుతున్నాడో ఒకసారి చూడు’ అంటారు. అక్కడి నుంచి కోచింగ్ మొదలైనట్టు.

ఒక పాప, నాలుగు వాక్యాలు

కోచింగ్ జరిగేది ఇక్కడే కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. రెండో తరగతి పాప ఒకామె. ఆమె ముందు నేల మీద టీచరూ నేనూ. పాప చేతిలో బొమ్మల కాగితం, నాలుగే వాక్యాలు. చెట్టు మీద పిట్ట ఉంది. పిట్టకు ఆకలి వేసింది. పిట్ట పురుగును చూసింది. ముక్కుతో పట్టుకుంది.

పాప చదివింది: ‘చెటు మీద పిట ఉంది. పిటకు ఆకలి ఏసింది. పిట పురుగును చూసింది.’ చివరి వాక్యం దగ్గర ఆగింది, బొమ్మ వైపు చూసింది, ‘ముక్కుతో’ అని స్పష్టంగా చదివింది. ఆ తర్వాత ‘పటుకుంది’.

టీచరు నా వైపు తిరిగి, ‘చూశారా, వత్తులు రావండీ ఈ పిల్లకు. మళ్లీ మొదటి నుంచి చెప్పాలి’ అన్నారు. పాప చదివినంతసేపూ తప్పిపోయిన మాటల్ని ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాం. దాన్ని ఇద్దరం కలిసి చూశాం. చెట్టు, పిట్ట, పట్టుకుంది. మూడింటిలోనూ పోయింది ట వత్తే. ‘ముక్కు’ వచ్చింది, కానీ బొమ్మ చూసి వచ్చిందో, క వత్తు తెలిసి వచ్చిందో తేలలేదు. టీచరు పలక తీసుకుని కుక్క, చుక్క, పక్క, ఎక్కు అని రాశారు. పాప నాలుగూ చదివింది. ‘అమ్మ’, ‘అన్నం’ కూడా చదివింది. టీచరు ముఖం మారింది. ‘అయితే ఈ పిల్లకు వత్తులు వచ్చు. ట వత్తు ఒక్కటే రాదు’ అన్నారు.

ఈ వాక్యం టీచరు నోట వచ్చింది, నా నోట కాదు. నేను చెప్పి ఉంటే తలాడించేవారు. తానే కనిపెట్టారు కాబట్టి మర్నాడు దాని మీద పని చేస్తారు. ‘వత్తులు రావు’ అనుకుంటే చేయాల్సిన పని ఆరు నెలలది, మనసు కుంగిపోయేది. ‘ట వత్తు రాదు’ అనుకుంటే అది వారం పని. చెట్టు, గట్టు, పట్టు, బుట్ట, గుట్ట, అట్టు. పాపకు ముందే తెలిసిన మాటలతోనే నడిచిపోతుంది. పైగా ట వత్తు చూడ్డానికి ట లాగే ఉంటుంది, చూపిస్తే పిల్లలు తొందరగానే పోల్చుకుంటారు. త, న, మ, య, ర, ల వత్తులు అసలు అక్షరంలా కనిపించవు కాబట్టి వాటికి ఎక్కువ రోజులు ఇవ్వాలి. ఈ తేడా తెలిసిన కోచ్ చెప్పే సలహాకూ, ‘వత్తుల మీద దృష్టి పెట్టండి’ అని రిజిస్టరులో రాసిపోయే అధికారి మాటకూ హస్తిమశకాంతరం ఉంది.

ఇంకో రెండు సంగతులు ఆ నాలుగు వాక్యాల్లోనే ఉన్నాయి. పాప ‘వేసింది’ని ‘ఏసింది’ అంది. అది వాళ్లింటి మాట. కాగితం మీదున్న మాటను చదివి, అర్థం చేసుకుని, తన నోటికి అలవాటైన తీరులో పలికింది. దాన్ని తప్పుగా లెక్కపెట్టకూడదు. తెలంగాణ పల్లెలో పిల్లాడు ‘వెళ్తున్నాను’ అని రాసి ఉన్నచోట ‘పోతున్న’ అంటే, వాడు చదవలేదని కాదు, అర్థమయ్యేలా చదివాడని. అలాంటి మాటల్ని దిద్దుతూ పోతే పిల్లలు కాగితం మీదకు చూడ్డానికే భయపడతారు. గోండి, కోయ, సవర మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చే పిల్లల దగ్గర ఇది వందరెట్లు ఎక్కువ పట్టించుకోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో 8 గిరిజన భాషల్లో పుస్తకాలు తెచ్చి, పిల్లల ఇంటి భాష నుంచి మొదలుపెట్టించిన పథకం సరైన దారి చూపింది. ఆ ప్రాంతాలకు వెళ్లే కోచ్‌లు ఆ పుస్తకాలు చూసి వెళ్లాలి.

రెండోది, ‘పిట్ట ఏం చేసింది?’ అని అడిగితే పాప తడుముకోకుండా, ‘పురుగును తిన్నది’ అంది. కాగితంలో పట్టుకుందనే ఉంది, తిన్నట్టు లేదు. ఆకలి, పురుగు, ముక్కు అన్నీ కలుపుకుని తర్వాతి సంగతి తానే ఊహించింది. చదవడమంటే చివరికి ఇదే. వేగం లెక్కపెట్టే గడియారం ఈ పాపను వెనకబడినవాళ్ల జాబితాలో వేస్తుంది. ఆలోచన మాత్రం తరగతిలో ముందుంది.

మన లిపిలో అక్షరాలు, గుణింతాలు, వత్తులు కలిసి కొన్ని వందల రూపాలు అవుతాయి. పొరుగు భాష కన్నడంలో అక్షరాలు పిల్లలకు ఎంత కాలానికి పట్టుబడతాయో సోనాలీ నాగ్ పరిశోధించారు. ఆ నేర్చుకోవడం మొదటి తరగతితో అయిపోదని, తర్వాతి ఏళ్లలోనూ సాగుతూనే ఉంటుందని 2007లో వచ్చిన ఆమె వ్యాసం చూపించింది. మన లిపి కూడా అదే తీరు. కాబట్టి మూడో తరగతి టీచరు, ‘అక్షరాలు చెప్పడం నా పని కాదు, అది ఒకటో తరగతి వాళ్లది’ అన్నప్పుడు కోచ్ వాదనకు దిగనక్కర్లేదు. మూడో తరగతి పిల్లల్ని నలుగురిని పిలిచి, ఇద్దరూ కలిసి వినడం చాలు.

పాఠం అయ్యాక పది నిమిషాలు

టీచరు పాఠం చెబుతుండగా కోచ్ ఎక్కడ కూర్చోవాలి? టీచరు కుర్చీలో కూర్చోకూడదు. గుమ్మం దగ్గర నోటు పుస్తకం పట్టుకుని నిలబడకూడదు. పిల్లల మధ్య, వెనకబడినవాళ్ల పక్కన కూర్చోవాలి. అక్కడి నుంచి చూస్తే బోర్డు మీది అక్షరాలు ఎంత చిన్నగా ఉన్నాయో, కలిసి చదివేటప్పుడు ఎంతమంది పెదాలు మాత్రమే కదుపుతున్నారో తెలుస్తుంది.

పాఠం అయ్యాక జరిగే మాటే అన్నిటికన్నా సున్నితమైనది. ‘పాఠం బాగుంది మేడమ్, కానీ...’ అని మొదలుపెట్టారంటే ఆ ‘కానీ’ తర్వాతిదే ఆవిడ చెవికెక్కుతుంది. మొదటి మాట పిల్లల గురించి ఉండాలి. ‘మేడమ్, కిటికీ పక్కనున్న బాబు మీరు అడిగిన రెండు ప్రశ్నలకూ జవాబు తెలిసి కూడా చెయ్యెత్తలేదు. నాకు చెవిలో చెప్పాడు.’ ఇక అక్కడి నుంచి సంభాషణ దానంతటదే నడుస్తుంది. ‘అవునా, వాడు మాట్లాడడండీ’ అని ఆవిడ అంటారు. ‘ముందు పక్కవాడికి చెప్పమని, తర్వాత అందరినీ అడిగితే ఎలా ఉంటుంది?’ అని మీరు అడుగుతారు. ‘గోల చేస్తారేమో’ అంటారు ఆవిడ. ‘వచ్చేసారి నేను ఒక్క ప్రశ్నకు చేసి చూపిస్తాను, మీరు గోల ఎంతుంటుందో చూడండి’ అని మీరంటారు. ఇంతే.

ఒక రాకకు ఒకే మార్పు. ఇది నేను పట్టుదలగా చెప్పే మాట. గదిలో పది లోపాలు కనిపిస్తాయి. చార్టులు ఎత్తులో ఉన్నాయి, పుస్తకాలు బీరువాలో తాళం వేసి ఉన్నాయి, కాపీరైటింగ్ తప్ప రాత పని లేదు. పదీ చెబితే ఆ రోజు మీ డైరీ నిండుతుంది, తరగతిలో ఏదీ మారదు. ఒకటి ఎంచుకోండి. అదీ టీచరునే ఎంచుకోనివ్వండి. వచ్చేసారి ఏం చూడాలో టీచరు తన పుస్తకంలో తన చేత్తోనే రాసుకోనివ్వండి. నెల తర్వాత వెళ్లగానే ముందు ఆ ఒక్కటే అడగండి. అడగకపోతే, ‘వీళ్లూ చెప్పి పోయేవాళ్లే’ అని ఆ టీచరు మనసులో పడిపోతుంది. అది తుడిచేయడానికి ఏడాది పడుతుంది.

హెచ్‌ఎంగారు చేయగలిగినవి

కోచ్ ఎంత మంచివారైనా హెచ్‌ఎం చల్లగా చూస్తే ఆ బడిలో పని సాగదు. హెచ్‌ఎం చేతిలో ఉన్న మొదటి వరం సమయం. కోచ్ వచ్చిన రోజు టీచరుకు పాఠం తర్వాత పదిహేను నిమిషాలు ఖాళీ కావాలి. ఆ పదిహేను నిమిషాలు ఆ తరగతిని హెచ్‌ఎం తీసుకుని కథ చెప్పవచ్చు, పాట పాడించవచ్చు. జాతీయ విద్యా విధానం 2020 ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు తన వృత్తిలో ఎదుగుదల కోసం వెచ్చించాలంటోంది. ఆ గంటలు హాళ్లలో, ఆన్‌లైన్ కోర్సుల్లో మాత్రమే గడవాలనేమీ లేదు. తోటి టీచరుతో కలిసి ఒక పిల్లాడి చదువు విన్న గంట అన్నిటికన్నా విలువైన గంట.

రెండోది నమ్మకం. హెచ్‌ఎం పాఠ్య ప్రణాళికలు చూసి సంతకం పెట్టాలి, హాజరు చూడాలి, అవసరమైతే మెమో ఇవ్వాలి. అది ఆయన ఉద్యోగ ధర్మం. కానీ కోచ్ పుస్తకంలోని మాట ఎన్నడూ మెమోలోకి రాకూడదు. ‘ఫలానా టీచరు ఎలా చెబుతున్నారు?’ అని ఎంఈవో అడిగినా, హెచ్‌ఎం అడిగినా కోచ్ ఇవ్వవలసిన జవాబు, ‘తరగతికి వెళ్లి మీరే చూడండి సార్, నేనూ వస్తాను’ అని. ఒక్కసారి తరగతిలోని మాట ఆఫీసు గదికి చేరిందంటే, ఆ టీచరే కాదు, కాంప్లెక్స్‌లోని అందరు టీచర్లూ కోచ్ వచ్చిన రోజున బాగా వచ్చిన పాఠాన్నే తీసి చూపిస్తారు. తమకు రానిదాన్ని దాచుకుంటారు. రానిదే చూడనివ్వనప్పుడు కోచ్‌తో పనేముంది? ఒకే మనిషి హెచ్‌ఎంగానూ కోచ్‌గానూ ఉండక తప్పని చిన్న బడుల్లో, ఏ రోజు ఏ హోదాలో వస్తున్నారో ముందే చెప్పి వెళ్లండి. చెప్పిన మాట మీద నిలబడండి.

మూడోది, హెచ్‌ఎం స్వయంగా పిల్లల చదువు వినాలి. కెన్యాలో 2015లో దేశమంతా మొదలైన టుసోమే కార్యక్రమంలో, బడులకు వెళ్లే అధికారులకు ట్యాబ్‌లు ఇచ్చి, పాఠం చూశాక కొందరు పిల్లల చేత చదివించి వినడాన్ని కూడా వాళ్ల పనిలో కలిపారు. బడికి వెళ్లినందుకు ప్రయాణ ఖర్చులు కూడా చెల్లించారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, పెట్రోలు డబ్బులు జేబులోంచి పెట్టుకునే సీఆర్పీ దూరపు తండాలోని బడికి ఎన్నిసార్లు వెళ్లగలరో ఆలోచించండి. మన హెచ్‌ఎంలు వారానికి ఒకరోజు, ప్రార్థన అయ్యాక, ఏ తరగతి నుంచైనా ముగ్గురిని పిలిచి వాళ్లకు తెలియని చిన్న కథ ఇచ్చి చదివిస్తే, స్టాఫ్ మీటింగులో మాట్లాడుకునే విషయాలే మారిపోతాయి. సిలబస్ ఎంతయింది అన్న ప్రశ్న పోయి, ఏ పిల్లాడు ఎక్కడ ఆగాడన్న మాట వస్తుంది.

ఫోన్లో సరిపోతుందా

‘అన్ని బడులకూ మనిషిని పంపడం ఎలా కుదురుతుంది, వాట్సాప్ గ్రూపు ఉంది కదా’ అనే వాదన ప్రతి సమీక్షలోనూ వస్తుంది. దీనికీ దక్షిణాఫ్రికాలోనే జవాబు దొరికింది. మ్పుమలంగ ప్రావిన్స్‌లో మూడేళ్ల పాటు కొన్ని బడులకు కోచ్ స్వయంగా వెళ్లారు, కొన్నిటికి ట్యాబ్ ద్వారా, ఫోను ద్వారా దూరం నుంచే తోడ్పడ్డారు. అక్కడ నేర్పింది ఇంగ్లీషు. మనిషి వెళ్లిన బడుల్లో పిల్లలు ఇంగ్లీషు మాట్లాడడం, చదవడం రెండూ మెరుగయ్యాయి. దూరం నుంచి చేసిన చోట మాట్లాడడం కొద్దిగా మెరుగైంది గానీ చదవడం మెరుగవలేదు. అంతేకాక, ఆ బడుల పిల్లలు ఇంటి భాషలో చదవడంలో కొంత వెనకబడ్డారు. మన రెండు రాష్ట్రాల ప్రాథమిక బడుల్లో ఇంగ్లీషు మీడియం పెరుగుతున్న ఈ రోజుల్లో ఆ చివరి వాక్యాన్ని రెండుసార్లు చదవాలని కోరుతున్నాను. తెలుగులో చదవడం రాని పిల్లాడికి ఇంగ్లీషు చదువు నిలబడదు. కోచ్ సమయాన్ని పంచేటప్పుడు తెలుగు పీరియడ్‌కు కోత పెట్టకండి.

ఫోను పనికిరాదని కాదు. రెండు రాకల మధ్య టీచరు ఒక పిల్లాడి చదువును రికార్డు చేసి పంపితే, కోచ్ విని జవాబివ్వవచ్చు. ముఖపరిచయం, నమ్మకం కుదిరాక ఫోను బాగా పనిచేస్తుంది. ఆ రెండూ మాత్రం గదిలోనే కుదురుతాయి.

విస్తరణ విషయంలోనూ జాగ్రత్త కావాలి. మాథ్యూ క్రాఫ్ట్, డేవిడ్ బ్లాజర్, డిలన్ హోగన్ 2018లో కోచింగ్ మీద జరిగిన 60 అధ్యయనాల్ని కలిపి చూశారు. బోధనలోనూ, పిల్లల ఫలితాల్లోనూ మేలు కనిపించింది. కానీ కొద్దిమంది టీచర్లతో చేసినప్పుడు కనిపించిన మేలు, పెద్ద కార్యక్రమాలకు వచ్చేసరికి బాగా తగ్గిపోయింది. కోచ్‌ల సంఖ్య పెంచగలిగినంత తొందరగా మంచి కోచ్‌లను తయారు చేయలేకపోవడం ఇందుకు ఒక కారణమని నేను నమ్ముతాను. అందుకే ఒక మండలంలో మొదలుపెట్టేటప్పుడు బడులన్నిటికీ ఒక్కోసారి వెళ్లి టిక్కు పెట్టుకునే బదులు, ఎనిమిదో పదో బడులు ఎంచుకుని నెల తప్పకుండా వెళ్లండి. మిగిలినవాళ్లు అడుగుతారు, అడగనివ్వండి. పిల్లలు చదవడం మొదలుపెట్టిన బడికి పక్క బడి టీచర్లను కాంప్లెక్స్ మీటింగు రోజున తీసుకెళ్లి, ఉపన్యాసం లేకుండా, తలా ఒక పిల్లాడి పక్కన కూర్చోబెట్టండి.

ఏ బడికి వెళ్లడం తగ్గించాలన్న ప్రశ్న ఏడాది గడిచాక వస్తుంది. దానికి గుర్తులున్నాయి. మీరు అడగకముందే టీచరు పిల్లాడి పేరుతో మాట మొదలుపెడతారు. బీరువాలోని కథల పుస్తకాలు చేతులు మారి మారి అంచులు నలిగి ఉంటాయి. ఆ బడి టీచరు పక్క బడి టీచరుకు ఫోను చేసి, ఈ వత్తు నువ్వెలా చెప్పావని అడుగుతుంటారు. అప్పుడు ఆ బడికి నెలకోసారి బదులు మూణ్నెల్లకోసారి వెళ్తే సరిపోతుంది. అలా మిగిలిన రోజుల్ని ఏకోపాధ్యాయ బడులకు ఇవ్వండి. అక్కడ ఐదు తరగతులకూ ఒక్కరే టీచరు. పాఠం గురించి మాట్లాడుకోవడానికి ఆ బడి మొత్తంలో ఇంకో పెద్ద మనిషి ఉండరు. మీరు వెళ్లిన రోజు ఒకటి, రెండు తరగతులు మీరు తీసుకోండి. తక్కినవాళ్లతో టీచరు నింపాదిగా ఒక్క పాఠం పూర్తి చేసుకోనివ్వండి. మధ్యాహ్న భోజనం తర్వాత ఇద్దరూ కూర్చుని, ఒకటో తరగతి పిల్లల పలకలు ముందు పెట్టుకుని మొదలుపెట్టండి.